సౌరశక్తితో నడిచే నిస్తంత్రీ వార్తా సాధనాలు – వాటి రక్షణ

వర్తమాన యుగాన్ని వార్తాయుగమని పిలుచుట పరిపాటి అయినది. తీగె లేకుండా మాటను దూరతీరాలకు పంపగల విద్యను మానవుడు సాధించి నూరేండ్లు దాటినది. అమీర్‌పేట చౌరస్తాలో నిలిచి తలయెత్తి చూచినచో ఆ విద్య మన నిత్యజీవితంలో ఎంతగా కలిసిపోయినదో తెలియును. మేడల మీద సెల్‌ఫోను టవర్లు, కొన్ని కప్పుల మీద సూర్యునికి ఎదురుగా వాల్చిన సోలార్ పలకలు, క్రింద మైత్రీవనం పరిసరాలలో కంప్యూటరు విద్య నేర్పు సంస్థల బోర్డులు కనిపించును. మొదటిది మాటను మోయును, రెండవది శక్తినిచ్చును, మూడవది ఆ మాటను భద్రపరచు విద్యను బోధించును.

ఈ మూడింటినీ వేర్వేరు పాఠాలుగా చదువుకొనుట మనకు అలవాటు. వైర్‌లెస్ యంత్రం ఇంజనీరుకు, బ్యాటరీ ఎలక్ట్రీషియనుకు, గూఢలిపి కంప్యూటరు నేర్చినవానికి అని పంచిపెట్టుకొన్నాము. సూర్యశక్తి మీద ఆధారపడిన వార్తాకేంద్రం విషయంలో ఈ పంపకం చెల్లదు. అక్కడ విద్యుత్తును కాపాడుట వార్తను కాపాడుటలో ఒక భాగం. ఈ సంగతిని లెక్కతోను, మన రాష్ట్రాల అనుభవంతోను నిరూపించుట ఈ వ్యాసం ఉద్దేశం.

రక్షణ అనగానేమి?

వార్తారక్షణ అనగానే రహస్యంగా ఉంచుట అని పలువురు భావింతురు. నిజానికి అందులో మూడు ధర్మాలు ఇమిడి ఉన్నవి. ఒక ఉత్తరాన్ని దృష్టాంతంగా తీసికొందము. కవరు అంటించుట వలన పరులు దానిని చదువలేరు. ఇది గోప్యత. చివర సంతకం ఉండుట వలన వ్రాసినవాడెవడో తెలియును. ఇది ప్రామాణికత. తపాలా బంట్రోతు వేళకు తెచ్చి ఇచ్చుట వలన ఉత్తరం మన చేతికి వచ్చును. ఇది లభ్యత. కవరు ఎంత గట్టిగా అంటించినను బంట్రోతు రాని ఊరిలో ఆ ఉత్తరం వ్యర్థమే. సంతకం లేని ఉత్తరం వేళకు వచ్చినను ప్రమాదమే.

నిస్తంత్రీ విధానంలో ఈ మూడు ధర్మాలకూ ముప్పు అధికం. తీగెకు ఒక దారి ఉండును. దానిని తాకవలెనన్న అక్కడికి పోవలెను. రేడియో తరంగానికి గోడ లేదు, గుమ్మం లేదు. అది ఎవరి కొరకు బయలుదేరినదో వారితో పాటు దారిలో ఉన్న ప్రతి యాంటెనాకు వినిపించును. వినగలవాడు అనేక సందర్భాలలో అనుకరించగలడు. అనుకరించలేనివాడు పెద్ద రొద చేసి అసలు మాటను ముంచగలడు.

గూఢలిపి శాస్త్రం మనకు కొత్త కాదు

పరుల వార్తను ఛేదించు విద్యకు శాస్త్రీయమైన పునాది వేసినవారు తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో నివసించిన అల్ కిందీ. అరబ్బీలోను ఉర్దూలోను ‘ముఅమ్మా’ అనగా పొడుపు, చిక్కుముడి. అట్టి ముఅమ్మాలను విప్పు పద్ధతిని ఆయన ఒక గ్రంథంగా రచించినారు. ఏ భాషలోనైనను కొన్ని అక్షరాలు తరచుగా వచ్చును, కొన్ని అరుదుగా వచ్చును. ఉర్దూ చదివిన మన విద్యార్థులు ఏదైనా ఒక పుట తీసి ‘అలిఫ్’ ఎన్నిమార్లు వచ్చినదో లెక్కించి చూచినచో ఈ సంగతి బోధపడును. ఒక అక్షరానికి బదులు మరియొక అక్షరాన్ని నిలిపినంత మాత్రాన ఆ లెక్క మారదు. కావున లెక్క తెలిసినవాడు ముసుగును తొలగింపగలడు.

పిమ్మట వెయ్యేండ్లకు, 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అను భాషాధ్యాపకుడు ఒక ముఖ్యసూత్రం చెప్పినాడు. యంత్రం శత్రువు చేతికి చిక్కినను, తాళపుచెవి మాత్రం చిక్కనంతకాలం రహస్యం చెడరాదు. అనగా రక్షణ అంతయు ‘కీ’ యందే ఉండవలెను, పద్ధతి రహస్యంగా ఉన్నదన్న భరోసా మీద ఉండరాదు. కొండమీదనో అడవిలోనో ఒంటరిగా నిలిచిన సౌరకేంద్రానికి ఈ సూత్రం మిక్కిలి వర్తించును. దానికి కావలి తక్కువ. ఎవడైనను పెట్టె పగులగొట్టి యంత్రాన్ని ఎత్తుకొనిపోవచ్చును. కేంద్రాలన్నింటికీ ఒకే కీ పెట్టినచో ఒక పెట్టె పోయిననాడు అన్నింటి రహస్యం పోయినట్లే.

సూర్యుడు, రేడియో

సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చు సిలికాన్ పలకను అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు 1954లో ప్రకటించినారు. 1958 మార్చిలో అంతరిక్షానికి పంపిన వాన్‌గార్డ్–1 ఉపగ్రహంలో రెండు రేడియో ప్రేషకాలు ఉండెను. బ్యాటరీతో నడిచినది కొన్ని వారాలలోనే మూగబోయినది. సౌరపలకలతో నడిచినది 1964 వరకు పలుకుచునే ఉన్నది. ఇంధనం మోసుకొనిపోలేని చోట సూర్యుడే దిక్కని లోకానికి ఆనాడు తెలిసినది.

అయితే భూమి మీద రాత్రి ఉన్నది, వానకాలం ఉన్నది. కావున పలకతో పాటు బ్యాటరీ తప్పదు. ఇక్కడనే రక్షణ సమస్య మొదలగును. దీనిని ఒక చిన్న లెక్కతో చూతము.

ఒక కొండమీద, వచ్చిన మాటను అందుకొని దూరానికి తిరిగి పంపు రిపీటరు కేంద్రం ఉన్నదనుకొందము. అది వినుచున్నపుడు 6 వాట్లు, పలుకుచున్నపుడు 120 వాట్లు వాడుకొనుననుకొందము. దినానికి 22 గంటలు వినును, 2 గంటలు పలుకును. వినుటకు 132 వాట్ గంటలు, పలుకుటకు 240 వాట్ గంటలు, మొత్తం 372 వాట్ గంటలు కావలెను. మూడు దినాలు మబ్బు పట్టినను నడువవలెనన్న 1,116 వాట్ గంటలు నిలువ ఉండవలెను. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేసినచో దాని ఆయువు తగ్గును. కావున 12 వోల్టుల, 200 ఆంపియర్ గంటల బ్యాటరీ పెట్టినాము. దాని పూర్తి నిలువ 2,400. మనం వాడదగినది 1,200 వాట్ గంటలు. హైదరాబాదు వంటి చోట తెరపి దినాన సుమారు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన కాంతి లభించుననుకొని, నష్టాలకు నూటికి ముప్పది తీసివేసినచో, 200 వాట్ల పలక దినానికి 700 వాట్ గంటలు ఇచ్చును. లెక్క సరిపోయినది. ఇంజనీరు తృప్తి పడును.

ఇప్పుడు ఒక దుష్టుడు వచ్చినాడు. వానికి మన గూఢలిపి తెలియదు, తెలిసికొనవలెనను కోరిక కూడా లేదు. సాయంకాలం 7 గంటలకు చిన్న చేతి రేడియో ఒకటి పట్టుకొని, అర్థంలేని ధ్వనిని ఎడతెగక పంపుట మొదలుపెట్టినాడు. రిపీటరు దానిని వార్తయని భ్రమించి తిరిగి పలుకుచునే ఉన్నది. గంటకు 120 చొప్పున 1,200 వాట్ గంటలు పది గంటలలో ఖర్చగును. తెల్లవారుజామున 5 గంటలకు కేంద్రం మూగబోవును. మూడు దినాల మబ్బును తట్టుకొనునని కట్టిన కేంద్రం ఒక్క రాత్రి కొంటెతనాన్ని తట్టుకొనలేదు. తరువాత దినపు ఖర్చు పోను మిగులు 328 వాట్ గంటలే గనుక, బ్యాటరీ మరల నిండుటకు దాదాపు నాలుగు ఎండ దినాలు పట్టును.

ఈ విధమైన దాడిని 1999లో ఫ్రాంక్ స్టజానో, రాస్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు తమ పరిశోధన పత్రంలో వివరించి, నిద్ర పోనీయకుండా హింసించుటతో పోల్చినారు. బ్యాటరీతో నడిచే యంత్రాన్ని చంపుటకు తాళం పగులగొట్టనక్కరలేదు. మాటిమాటికి తలుపు తట్టిన చాలును.

ఆగిపోయిన యంత్రం మరచిపోవును

బ్యాటరీ ఖాళీ అగుట వలన లభ్యత మాత్రమే పోవునని తలచరాదు. ప్రామాణికతకు కూడా దెబ్బ తగులును. శత్రువు వార్తను అర్థం చేసికొనలేకపోయినను, దానిని యథాతథంగా పట్టి ఉంచి మరల పంపగలడు. నిన్నటి ‘గేట్లు ఎత్తుడు’ అను ఆజ్ఞ నేడు మరల వినిపించినచో ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును. దీనికి విరుగుడుగా ప్రతి వార్తకు వరుస సంఖ్యనో, కాలముద్రనో చేర్తురు. దాటిపోయిన సంఖ్యతో వచ్చిన వార్తను యంత్రం త్రోసివేయును.

కాని బ్యాటరీ నిండుకొని యంత్రం ఆగి, ఎండ వచ్చిన పిదప మేల్కొన్నపుడు, దాని గడియారం మొదటికి వచ్చి ఉండవచ్చును. లెక్క సున్న నుండి మొదలుకావచ్చును. అప్పుడు పాత వార్తలన్నీ దానికి కొత్తవే. అందువలన వరుస సంఖ్యను విద్యుత్తు పోయినను చెడని జ్ఞాపకంలో వ్రాసి ఉంచవలెను. గడియారానికి వేరుగా చిన్న బ్యాటరీ ఉండవలెను. శక్తి లోపం రక్షణ లోపంగా ఎట్లు మారునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

తుఫాను నేర్పిన పాఠం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటినది. విద్యుత్ స్తంభాలు కూలినవి. చెట్లు పడి దారులు మూసుకొన్నవి. సెల్ టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపు పలికి, జనరేటర్లకు డీజిల్ చేరక మూగబోయినవి. ఆ వేళ అమెచ్యూర్ రేడియో వారి సేవలు వినియోగానికి వచ్చినవి. ‘హామ్’ అని పిలువబడు ఈ ఔత్సాహికులకు మన నగరంతో విశేష సంబంధం ఉన్నది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు పంజాగుట్టకు చేరువనున్న రాజ్‌భవన్ రోడ్డులో చాలాకాలం కార్యాలయం ఉండెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన దినాన ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉండెను. మిగిలిన దారులు తెగిన వేళ వారి రేడియో ద్వీపాలకు, ప్రధాన భూభాగానికి నడుమ వార్తలను నడిపినది.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. అమెచ్యూర్ రేడియోలో వార్తను గూఢలిపిలో దాచి పంపుట నియమాలకు విరుద్ధం. బహిరంగంగా, అందరికీ అర్థమగు భాషలో మాట్లాడవలెను. అట్లయిన వారికి రక్షణ లేదా? ఉన్నది. ప్రతివానికి లైసెన్సుతో వచ్చిన పిలుపు సంకేతం ఉన్నది. వార్తకు సంఖ్య, వేళ, పంపినవాని పేరు వ్రాయుదురు. విన్నదానిని తిరిగి చదివి సరిచూచుకొందురు. ఇవి తాళం వలె గట్టివి కావు; పిలుపు సంకేతాన్ని దొంగిలించి మాట్లాడువాడు ఉండవచ్చును. అయినను ఆపదలో ‘ఫలానా గ్రామానికి పడవ కావలెను’ అను వార్తకు దాపరికం అవసరం లేదు; అది నిజమైనదేనను నిశ్చయం, వేళకు చేరుననే ధైర్యం కావలెను. కంప్యూటరు సహాయం ఉన్నచోట మాటను బహిరంగంగా ఉంచియే, దానికి మార్చుటకు వీలులేని అంకముద్రను జతచేయవచ్చును. ఏ ధర్మం ఎక్కడ ముఖ్యమో నిర్ణయించుకొనుటయే వివేకం.

హుద్‌హుద్ అను పేరును ఒమన్ దేశం సూచించినది. అది తురాయి గల ఒక పక్షి పేరు. పవిత్ర ఖురాన్‌లోని ‘నమ్ల్’ అధ్యాయంలో సులైమాన్ ప్రవక్త వద్దకు సబా దేశపు వార్తను తెచ్చినది ఆ పక్షియే. ప్రవక్త ఆ వార్తను విన్నంతనే నమ్మలేదు, త్రోసిపుచ్చనూ లేదు. నిజానిజాలు పరీక్షింతునని చెప్పి, ఆ పక్షి చేతనే లేఖ పంపినారు. వార్తాహరుని గౌరవించుచు వార్తను పరీక్షించుట మనకు ఎంత ప్రాచీనమైన నీతియో దీనివలన తెలియుచున్నది.

అడవిలో టవర్లు, నగరంలో రైళ్లు

తుఫాను ఒక దినపు ఆపద. ఎల్లవేళలా విద్యుత్తు కరువైన చోట్ల సంగతి వేరు. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో 2,199 చోట్ల మొబైల్ టవర్లు నెలకొల్పుటకు కేంద్ర ప్రభుత్వం 2014లో ఆమోదించి ఆ పనిని బి.ఎస్.ఎన్.ఎల్.కు అప్పగించినది. వాటిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవి ప్రాంతాలు కూడా ఉన్నవి. విద్యుత్ లైన్లు లేని చోట్ల నడుచుటకు సౌరశక్తితో, తక్కువ విద్యుత్తు వాడు యంత్రాలు వినియోగింపబడినవి. అవి మొదట రెండవ తరం, అనగా 2జీ విధానానివి. ఈ విధానంలో ఒక లోపం ప్రసిద్ధం. టవరు ఫోనును పరీక్షించును గాని, ఫోను టవరును పరీక్షింపదు. కావున దొంగ టవరు ఒకటి నిలిపి ఫోనులను మోసగించుటకు అవకాశం ఉన్నది. పైగా ఆ తరంలో విరివిగా వాడిన ఏ5/1 అను గూఢలిపిని ఛేదింపవచ్చునని 2009లో బెర్లిన్ సభలో జర్మను పరిశోధకుడు కార్‌స్టెన్ నోల్ బహిరంగంగా చూపినాడు. మూడవ తరం నుండి ఉభయ పక్షాలు ఒకరినొకరు పరీక్షించుకొను ఏర్పాటు వచ్చినది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలోని 2,343 చోట్ల 2జీ టవర్లను 4జీకి మార్చుటకు 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది. అడవిలోని గిరిజన విద్యార్థికి ఇది పాఠం వేగంగా అందుట మాత్రమే కాదు, తాను మాట్లాడునది నిజమైన టవరుతోనేనను భరోసా పెరుగుట కూడా.

ఇక మన అమీర్‌పేట మెట్రో స్టేషను. 2017 నవంబరులో మెట్రో ప్రారంభమైనది. రెండు మార్గాలు ఒకదానిపై ఒకటి కలియు ఈ స్టేషనులో రైళ్ల రాకపోకలను రేడియో సంబంధంతో నియంత్రించుచున్నారు. ఇట్టి విధానంలో సంబంధం తెగినచో రైలు ఆగును. ఆగుటయే అక్కడ క్షేమం. కాని తుఫానులో చిక్కిన గ్రామపు రేడియో ఆగినచో అది క్షేమం కాదు, ప్రాణాపాయం. కనుక ఏ వార్తా వ్యవస్థను కట్టబోవునప్పుడైనను మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఇది మూగబోయిననాడు జనులు క్షేమంగా ఉందురా, ఆపదలో పడుదురా? ఆపదలో పడునట్లయితే బ్యాటరీని కాపాడుట రక్షణశాఖ పనియే గాని, మరమ్మతు శాఖ పని మాత్రమే కాదు.

నివారణోపాయాలు

మొదటిది, పలుకుటకు ముందే పరీక్ష. వార్త వచ్చిన వెంటనే దానిని ప్రసారం చేయక, వినికిడి దశలోనే అంకముద్రను సరిచూచి, సరియైనచో మాత్రమే ప్రేషకాన్ని మేల్కొలుపవలెను. ఇందుకగు ఖర్చెంత? సెకనుకు 1,200 బిట్లు పంపు రేడియోలో 128 బిట్ల ముద్రకు సెకనులో పదవవంతు కంటె కొంచెం ఎక్కువ కాలం పట్టును. దినానికి వెయ్యి వార్తలైనను మన లెక్కలోని కేంద్రానికి అదనపు ఖర్చు 4 వాట్ గంటలకు లోపే, అనగా దినపు ఖర్చులో నూటికి ఒకటి. ఆ ఒకటి ఖర్చు చేయకపోయినచో నూరూ పోవును.

రెండవది, కాలపరిమితి. ఎవరైనను ఎడతెగక మాట్లాడినచో మూడు నిమిషాలకు ప్రేషకం తానే ఆగు ఏర్పాటు. మూడవది, శక్తిని పంచి ఉంచుట. నిలువ సగానికి తగ్గినపుడు సామాన్య వార్తలను, నాలుగవవంతుకు తగ్గినపుడు ఆపద వార్తలు తప్ప అన్నింటిని ఆపవలెను. అయితే తక్కువ శక్తి పేరిట పరీక్షను మాత్రం ఎన్నడూ మానరాదు. దుష్టుడు ఆ గడియ కొరకే కాచుకొని ఉండును. నాలుగవది, ప్రతి కేంద్రానికి వేరు కీ. ఐదవది, పెట్టెకు తాళం, బ్యాటరీకి గట్టి చట్రం, పలకపై దుమ్ము తుడుచు మనిషి. దొంగ ఎత్తుకొనిపోయిన బ్యాటరీకి ఏ గూఢలిపియు బదులు రాదు. చిన్న యంత్రాలకు తగిన తేలికైన గూఢలిపి కొరకు అమెరికా ప్రమాణాల సంస్థ 2023లో ‘ఆస్కాన్’ అను పద్ధతిని ఎన్నుకొనుట కూడా ఈ శక్తి సమస్యను గుర్తించుటకు నిదర్శనం.

ఇంత చేసినను, పెద్ద రొదతో అసలు మాటనే ముంచువానికి గూఢలిపిలో మందు లేదు. దానికి వేరొక పౌనఃపున్యం, దిక్కు చూపు యాంటెనా, రెండవ దారి సిద్ధంగా ఉంచుకొనుటయే మార్గం.

విద్యార్థులకు, పాలకవర్గానికి విజ్ఞప్తి

మన విద్యార్థులలో పలువురు డిగ్రీ ముగియకముందే అమీర్‌పేట శిక్షణ సంస్థలలో చేరి సైబర్ సెక్యూరిటీ కోర్సులు చదువుచున్నారు. సంతోషమే. కాని అక్కడి కంప్యూటరుకు గోడలోని ప్లగ్గు నుండి విద్యుత్తు ఎల్లప్పుడూ వచ్చును గనుక, శక్తి లేనిచోట రక్షణ ఎట్లుండునో అక్కడ తెలియదు. భౌతికశాస్త్ర విద్యార్థి ఓమ్ సూత్రం నేర్చును గాని దానికి, గూఢలిపికి గల బంధుత్వం ఎవరూ చెప్పరు. ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు ఈ విషయాలు తమకు అందనివని వెనుకాడనవసరం లేదు. పైన చూపిన లెక్కలో కూడికలు, హెచ్చవేతలు తప్ప మరేమియు లేవు.

కళాశాల పాలకవర్గం వారు దయతో ఆలోచించి, కప్పు మీద ఒక సౌరపలక, ఒక బ్యాటరీ, ఒక రేడియోతో చిన్న హామ్ క్లబ్బును నెలకొల్పినచో ఎంతో మేలు కలుగును. విద్యార్థులు కేంద్ర ప్రభుత్వం నిర్వహించు పరీక్ష వ్రాసి లైసెన్సు పొందవచ్చును. దినదినము బ్యాటరీ నిలువను, పంపిన వార్తలను ఒక పుస్తకంలో వ్రాయవచ్చును. వర్షర్తువులో ఆ పుస్తకాన్ని తిరగవేసినచో ఏ దినాన ఎంత శక్తి వచ్చినదో, ఎంత పలికినారో, ఏది వృథా అయినదో వారికే తెలియును. ఆ అనుభవం కలవాడు రేపు అడవిలో టవరు కట్టినను, ఆసుపత్రిలో వార్తా వ్యవస్థ నడిపినను, వార్తకు తాళం వేయుటతో తన పని ముగిసినదని తలచడు. ఆ తాళాన్ని తీయుటకు రేపు ఉదయం శక్తి మిగులునా అని కూడా లెక్క చూచుకొనును.